కొత్త జిగ్ ఎవరైనా వాడారా? సాల్మన్‌కీ, అడుగున తిరిగే చేపలకీ

నీలికెరటం | ఆగస్టు 19, రాత్రి 9:40

రెండు నెలలుగా ఇక్కడ సియాటిల్ దగ్గర రేవులో ఎవరి గాలాల డబ్బా తెరిచినా ఆ కొత్త జిగ్ (చేప ఆకారంలో పోసిన లోహపు ఎర) కనిపిస్తోంది. ఒక పక్క చదును, ఇంకో పక్క ఉబ్బు, సన్నగా పొడుగ్గా అచ్చం క్యాండిల్‌ఫిష్ అనే చిన్న చేపలా ఉంటుంది. నేనూ ఆగలేక రెండు కొన్నాను. మూడు ఔన్సులవి, ఒకటి ఆకుపచ్చ-తెలుపు, ఇంకోటి గులాబీ.

మొదటిసారి పుగెట్ సౌండ్‌లో (సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ) పొసెషన్ బార్ దక్షిణపు అంచున వేశాను. పోటు మళ్లే వేళకి చేరుకున్నాను. రెండు గంటల్లో దొరికినవి మూడు డాగ్‌ఫిష్‌లు (చిన్న సొరచేపలు), అంతే. తర్వాత దిగుతున్న జిగ్‌ని ఒక కోహో (సాల్మన్‌లో ఒక రకం) పట్టింది, పడవ పక్కదాకా వచ్చి వదిలించుకుపోయింది. రెండోసారి జెఫర్సన్ హెడ్ దగ్గర. అక్కడ మాత్రం గంటన్నరలో మూడు కోహోలు, రెండు హంపీలు (పింక్ సాల్మన్). కోహోల్లో రెండు అడవివి (హ్యాచరీలో పెంచినవి కావు), పడవ పక్కనే వదిలేశాను. ఒకటి ఇంటికొచ్చింది.

నా అనుమానం ఏమిటంటే, ఇది జిగ్ గొప్పా, లేక ఆ రోజు చేపలే అంత ఆకలి మీద ఉన్నాయా? ఇంకో సంగతి, దీన్ని అడుగున రాళ్లలో ఉండే లింగ్‌కాడ్ చేపకి వాడిన వాళ్లెవరైనా ఉన్నారా? ప్యాకెట్ మీద రెండింటికీ పనికొస్తుందని రాశారు. రెండు పనులకీ ఒకే పనిముట్టు అంటే నాకు కొంచెం భయం.

పాత_పడవ | ఆగస్టు 19, రాత్రి 10:15

కొత్త ఒక వింత, పాత ఒక రోత. ప్రతి వేసవికీ ఒక కొత్త ఎర వస్తుంది, సెప్టెంబరు దాకా అందరూ దాని పేరే తలుస్తారు, మరుసటి ఏడు అది డబ్బా అడుగున తుప్పు పడుతుంది. నా గ్యారేజీలో అలాంటివి ఒక బకెట్ నిండా ఉన్నాయి.

తిట్టడానికి రాలేదు, అడగడానికి వచ్చాను. ఎంత లోతులో వేశారు? ఏ లైన్? కాటు పడింది జిగ్ దిగేటప్పుడా, లేపేటప్పుడా? అన్నిటికంటే ముఖ్యం, పడవలో రెండో గాలం కర్ర మీద ఏముంది? దానికేమైనా పడ్డాయా? ఆ ఒక్కటి చెప్పకుండా "మూడు కోహోలు పడ్డాయి" అంటే అది జిగ్ సంగతి కాదు, జెఫర్సన్ హెడ్ సంగతి.

నీలికెరటం | ఆగస్టు 19, రాత్రి 10:50

పాత_పడవ గారూ, న్యాయమైన ప్రశ్నే. నీళ్లు 150 అడుగులున్నాయి, చేపలు 40 నుంచి 70 మధ్య కనిపించాయి సోనార్ స్క్రీన్ మీద. 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర ఆరడుగుల ఫ్లోరోకార్బన్ లైన్. అయిదు కాట్లలో నాలుగు దిగేటప్పుడే. ఒక్క హంపీ మాత్రం పైకి చుడుతుంటే వెంటపడి కొట్టింది.

రెండో కర్ర మా బావమరిదిది. పాత డార్ట్ (ఎప్పటినుంచో ఉన్న మరో జిగ్) వేశాడు. వాడికి ఒకటి పడింది. కానీ సగం సమయం వాడు ఫోన్లో ఉన్నాడు, కాబట్టి ఆ లెక్క నమ్మలేం.

సీసం_కరిగిస్తా | ఆగస్టు 20, ఉదయం 6:30

నేను గ్యారేజీలో జిగ్‌లు పోసుకుంటాను కాబట్టి ఒకటి కోసి చూశాను. (అవును, కొత్తది కొని కోశాను. మా ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను.)

అది సీసం కాదు, జింక్ మిశ్రమం. తేడా అక్కడే ఉంది. సీసం సాంద్రత 11.3, జింక్‌ది 7.1 దగ్గర. అంటే అదే మూడు ఔన్సులకి జింక్ జిగ్ ఒకటిన్నర రెట్లకి పైగా లావుగానో పొడుగ్గానో తయారవుతుంది. బరువు అంతే, ఒళ్లు ఎక్కువ, నీరు అడ్డుపడేదీ ఎక్కువ. అందుకే మెల్లగా దిగుతుంది. పైగా బరువు తోక వైపు కాకుండా నడుములో పెట్టారు, లైన్ వదులు కాగానే అడ్డంగా పడుకుంటుంది. ఒక పక్క చదును కాబట్టి ఆ పడుకోవడంలో అటూ ఇటూ ఊగుతుంది. దెబ్బ తిన్న క్యాండిల్‌ఫిష్ సరిగ్గా అలాగే మునుగుతుంది.

ఇందులో మాయేం లేదు. స్లో పిచ్ జిగ్‌లు (ఇలా మెల్లగా ఊగుతూ దిగేవి) జపాన్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. దాన్ని మన క్యాండిల్‌ఫిష్ ఆకారానికి దించారు, అంతే. అలాగని పనికిరాదనీ కాదు. పాత డార్ట్ ముక్కు కిందికి పెట్టి వేగంగా దిగుతుంది, ఇది తీరిగ్గా దిగుతుంది. కోహోకి ఆ తీరిక నచ్చే రోజులుంటాయి.

నష్టం కూడా అక్కడే. పోటు గట్టిగా లాగుతుంటే మూడు ఔన్సుల జింక్ నేరుగా దిగదు. లైన్ వాలిపోయి నువ్వు 60 అడుగులు వదిలాననుకుంటావు, జిగ్ 35 దగ్గర ఎగురుతుంటుంది. పోటు మళ్లే వేళకి ఇటో అరగంట, అటో అరగంట. అంతకు మించి దీన్ని ఈడ్వకండి.

కొత్తగాలం | ఆగస్టు 20, ఉదయం 8:05

అందరికీ నమస్కారం. నేను పోయిన నెలే లైసెన్స్ తీసుకున్నాను. ఒక చిన్న ప్రశ్న. దిగేటప్పుడు లైన్ వదిలేయాలా, బిగించి పట్టుకోవాలా? వదిలేస్తే కాటు తెలియదు, పట్టుకుంటే జిగ్ ఊగదు అంటున్నారు. మరి ఏం చేయాలి?

ఉప్పుగాలి | ఆగస్టు 20, ఉదయం 9:20

తమ్ముడూ, చిన్న ప్రశ్నలా అడిగావు గానీ ఈ చర్చ మొత్తంలో అసలు ప్రశ్న ఇదే.

కర్ర కొనని రెండు మూడు అడుగులు లేపు. గుంజొద్దు, లేపు. తర్వాత జిగ్ కంటే ఒక్క పిసరు నెమ్మదిగా కొనని దించుకుంటూ రా. లైన్ బిగుసుకోకూడదు, అలాగని గుట్టగా పడకూడదు. నీళ్ల మీద చిన్న విల్లులా వంగి ఉండాలి. ఇక కళ్లు ఆ విల్లు మీదే. జిగ్ దిగాల్సిన దూరం దిగకముందే విల్లు ఆగిపోయిందా, కొట్టు. ఉన్నట్టుండి పక్కకి జరిగిందా, కొట్టు. బరువు మాయమైనట్టు అనిపించిందా, గబగబా చుట్టి కొట్టు, చేప నోట్లో పెట్టుకుని పైకి వస్తోంది.

చేతికి తగిలే "టక్" కోసం ఎదురుచూస్తే సగం చేపలు ఉమ్మేసి పోతాయి. మొదటి ఏడాదంతా నేను అలాగే పోగొట్టుకున్నాను. మా ఆయన పక్కనే కూర్చుని "పడింది, పడింది" అని అరిచేవాడు. తన లైన్ వదిలేసి నాది చూసేవాడు, అందుకే తనకీ ఏమీ పడేది కాదు.

ఇంకోటి, నీలికెరటం అన్నా, నువ్వు హుక్ మార్చావా? ఆ జిగ్ మూడు ముళ్ల ట్రెబుల్‌తో వస్తుంది. పుగెట్ సౌండ్‌లో సాల్మన్‌కి ఒకే మొన ఉండే, బార్బ్ (వెనక్కి తిరిగిన చిన్న ముల్లు) లేని హుక్ వాడాలి. బార్బ్‌లు ప్లయర్‌తో నొక్కేస్తే చాలనుకుని నేను మొదటిరోజు అలాగే వెళ్లాను. పడవలు దించే ర్యాంప్ దగ్గర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ అధికారి ఆపి చూశాడు. "బార్బ్ సంగతి సరే, మొనలు లెక్కపెట్టండి" అన్నాడు. మూడు. తలెత్తలేకపోయాను. ఆ రోజుకి హెచ్చరికతో పోనిచ్చాడు. తప్పు నాదే, రూల్ పుస్తకం కారు డ్యాష్‌బోర్డ్ మీదే ఉంది.

నీలికెరటం | ఆగస్టు 20, మధ్యాహ్నం 12:10

మార్చాను అక్కా, తోకకి సింగిల్ పెట్టాను. కానీ ఆ తర్వాత జిగ్ గిరగిరా తిరుగుతోంది, ఊగడం లేదు. లైన్ మెలికలు పడిపోయింది.

ఉప్పుగాలి | ఆగస్టు 20, మధ్యాహ్నం 12:35

నాకూ అదే అయింది. ట్రెబుల్ బరువు లెక్కలో వేసుకునే దాన్ని తూచారు. అది తీసేసి చిన్న సింగిల్ పెడితే తోక తేలికైపోయి తిరుగుతుంది. తోకకి ఏమీ పెట్టకు. పై రింగుకి పొట్టి దారంతో ఒక అసిస్ట్ హుక్ కట్టు, జిగ్ పొడుగులో మూడో వంతు దాకా వేలాడితే చాలు. ఊగడం తిరిగొస్తుంది. కోహో ఎక్కువగా తల వైపే కొడుతుంది కాబట్టి పట్టడంలో నాకేం తేడా కనిపించలేదు. నీలికెరటం పడవ పక్కన పోగొట్టుకున్నది బహుశా ఆ తోక హుక్ వల్లే. పొడుగు జిగ్ మీటలా పనిచేసి, తల విదిలించగానే ఊడొస్తుంది.

పియర్_కాకి | ఆగస్టు 20, సాయంత్రం 5:45

పడవలున్న మారాజులకి నమస్కారం. నాది ఎడ్మండ్స్ పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెన) కథ.

అక్కడ ఈ మూడు ఔన్సులది దండగ. పియర్ నుంచి విసిరితే మెల్లగా దిగుతూ దిగుతూ పోటుతో పాటు పక్కవాళ్ల లైన్ల మీదికి వెళ్తుంది. మొదటి ఉదయమే నలుగురి లైన్లు ఒకే జడగా అల్లాను. అందులో ఒక పెద్దాయన ఏమీ అనలేదు, నా వైపు చూసి థర్మాస్ మూత తిప్పుకున్నాడు. అది తిట్టినదానికంటే ఎక్కువ.

రెండు ఔన్సులది తెచ్చాక ఒక దారి దొరికింది. పోటు వచ్చే వైపుకి విసిరి, పది లెక్కపెట్టి, రెండు చుట్లు చుట్టి మళ్లీ వదలాలి. అది నా ముందుకొచ్చేసరికి సరైన లోతులో ఉంటుంది. ఈ ఏడాది బేసి సంవత్సరం కదా (హంపీలు ఎక్కువగా బేసి సంవత్సరాల్లోనే ఇక్కడికొస్తాయి), గుంపులుగా పోతున్నాయి. గులాబీ రంగుకి వాటికి ఏ పాత పగో తెలియదు, వదలవు. కానీ నిజం చెప్పాలంటే పక్కాయన బజ్ బాంబ్ అనే పాత ఎరతో నాకంటే ఎక్కువే పట్టాడు. హంపీల ఏడాదిలో గులాబీ రంగు పూసిన చెంచా వేసినా కొడతాయి. హంపీలు పడ్డాయని జిగ్‌కి మార్కులు వేయకండి.

లింగ్_పిచ్చి | ఆగస్టు 21, రాత్రి 11:20

అడుగు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పోయిన వారాంతం సౌండ్ బయట, మహాసముద్రం అంచునున్న నియా బే వెళ్లాం, టటూష్ ద్వీపం దాటాక, 80 నుంచి 100 అడుగుల రాళ్ల మీద. ఆ జిగ్‌లు నాలుగు తీసుకెళ్లాను. ఒకటి తిరిగొచ్చింది.

మొదటి గంటలోనే రెండు జిగ్‌లు రాళ్లకి బలి. కారణం తేలికే. మామూలు సీసం జిగ్ దబ్బున అడుగు తగులుతుంది, చేతికి తెలుస్తుంది, వెంటనే రెండు చుట్లు పైకి తెస్తాం. ఇది మెత్తగా, అడ్డంగా, చప్పుడు లేకుండా వాలుతుంది. అడుగు తగిలిందని నీకు తెలిసేసరికి పడుకుని ఉంటుంది, ఏ నెర్రెలోనో. పైగా ట్రెబుల్. మూడో దానికి ఉప్పుగాలి గారు చెప్పినట్టే పైన అసిస్ట్ హుక్ కట్టాను (ఈ చర్చ చదవకముందే, గొప్ప కోసం చెప్తున్నాను). అది మధ్యాహ్నం దాకా బతికింది. దాన్ని మాత్రం రాయి తినలేదు, లింగ్ తిన్నది. ఫ్లోరోకార్బన్‌ని రాతి అంచుకి రాసి తెంపుకుపోయింది.

ఇప్పుడు మంచి మాట. నల్ల రాక్‌ఫిష్‌కి ఇది అద్భుతం. అవి అడుగున కాదు, రాళ్ల పైన పదీ ఇరవై అడుగుల ఎత్తులో మేఘంలా ఉంటాయి. జిగ్ అడుగుదాకా వెళ్లనక్కర్లేదు. ఆ మేఘంలోంచి మెల్లగా జారుతుంటే ఒక్కసారి కూడా పూర్తిగా దిగనివ్వలేదు. వేగంగా దిగే జిగ్ ఆ మేఘంలో రెండు సెకన్లుంటే ఇది అయిదు సెకన్లుంటుంది, అంతే తేడా.

లింగ్ కోసమైతే నా సలహా, అరవై సెంట్ల సీసం తల, దానికో పెద్ద రబ్బరు తోక. పోయినా గుండె ఆగదు. ఈ జిగ్ ఒక్కోటి పద్నాలుగు డాలర్లు. ఆ ఉదయం నేను సముద్రానికి ఇచ్చుకున్న కానుక నలభై రెండు.

మరో ముచ్చట. ఆ మూడో జిగ్‌కే, తెగిపోయే ముందు, ఒక రాక్‌ఫిష్ పడింది. పైకి తెస్తుంటే సగం దారిలో బరువు మూడింతలైంది. కింద చూస్తే రాక్‌ఫిష్‌ని అడ్డంగా కరుచుకుని ఒక లింగ్ వస్తోంది. దానికి హుక్ తగల్లేదు, మొండితనంతోనే వస్తోంది. ఇలాంటప్పుడు తల నీళ్లలోంచి బయటికి రాకముందే గాఫ్ (కొక్కెం కర్ర) వేయాలి, గాలి తగిలిందా వదిలేస్తుంది. నేను తల చూసి మురిసిపోయాను. వదిలేసింది.

కొత్తగాలం | ఆగస్టు 22, ఉదయం 7:50

లింగ్ అన్నా, కడుపుబ్బ నవ్వాను. మరి ఈ లింగ్, రాక్‌ఫిష్‌లు సియాటిల్ దగ్గరే పుగెట్ సౌండ్‌లో పట్టుకోవచ్చా? నియా బే దాకా వెళ్లడం నాకు కష్టం.

పాత_పడవ | ఆగస్టు 22, ఉదయం 9:00

జాగ్రత్త బాబూ. నియా బే వేరు, సౌండ్ వేరు. ఒక చోటి లెక్క ఇంకో చోట పెడితే జరిమానా.

సౌండ్ లోపల లింగ్‌కాడ్ మే 1 నుంచి జూన్ 15 దాకా మాత్రమే. రోజుకి ఒకటి. 26 అంగుళాల కంటే చిన్నదీ, 36 కంటే పెద్దదీ వదిలేయాలి. పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవి, అందుకు. ఇప్పుడు ఆగస్టు, కాబట్టి దాని మాటే లేదు. రాక్‌ఫిష్ అసలు ఉంచుకోకూడదు, 2010 నుంచీ అంతే. అడుగు చేపల కోసం 120 అడుగులు దాటిన లోతులో వేయకూడదు. ఈ ఏరియాల గీతలూ తేదీలూ మారుతుంటాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి రూల్స్ చూసుకో. నా మాట మీద వెళ్లకు, ఈ వేదిక మాట మీద అసలే వెళ్లకు.

ఈ కట్టడి ఎందుకో కూడా తెలియాలి. రాక్‌ఫిష్ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఎల్లోఐ లాంటివి నూరేళ్లు దాటి బతుకుతాయి. 1970లలో, 80లలో అందరం గంపలకొద్దీ తెచ్చుకున్నాం, నేనూ తెచ్చుకున్నాను. ఆ తప్పుకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాం.

లింగ్_పిచ్చి | ఆగస్టు 22, ఉదయం 9:45

పాత_పడవ గారి మాటకి ఒక తోక. అడుగు చేపలకి వెళ్తే పడవలో డిసెండింగ్ డివైస్ (పట్టిన చేపని తిరిగి లోతుకి దించే పనిముట్టు) ఉండాలి, వెంటనే వాడేలా కట్టి సిద్ధంగా ఉండాలి. అది రూలు. రూలు కాకపోయినా పెట్టుకోవాల్సిందే.

రాక్‌ఫిష్ గాలితిత్తికి బయటికి దారి లేదు. 100 అడుగుల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి నాలుగు రెట్లు. అక్కడి నుంచి లాగేస్తే ఆ గాలి నాలుగింతలు ఉబ్బుతుంది. కళ్లు పొడుచుకొస్తాయి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది. అలా వదిలేస్తే బెండులా తేలుతుంది, గల్ పక్షులు వచ్చి పొడుస్తాయి. ఆ ఉబ్బుని కొందరు సూదితో గుచ్చుతారు. వద్దు, అది తిత్తి కాదు, దాని కడుపు. పెదవికి క్లిప్ పెట్టి బరువుతో కిందికి దించితే గాలి మళ్లీ సర్దుకుంటుంది, ఈదుకుంటూ పోతుంది. ఆ రోజు ఒక చిన్న ఎల్లోఐ పడింది, ఎర్రగా నిప్పుకణికలా. దాన్ని అలాగే దించాం. క్లిప్ వదిలాక లైన్ ఒక్కసారి తేలికైంది చూడండి, చేపని పట్టినదానికంటే ఆ తేలిక బాగుంది.

సాల్మన్‌కి ఈ బాధ లేదు, తిత్తిలోంచి గొంతుకి గొట్టం ఉంటుంది, త్రేన్చేస్తుంది. లింగ్‌కి తిత్తే లేదు.

నీలికెరటం | ఆగస్టు 23, రాత్రి 8:30

రంగు సంగతి ఏమంటారు? ఇంకో రెండు కొనాలి. ఎరుపు-బంగారం ఒకటి భలే మెరుస్తోంది.

సీసం_కరిగిస్తా | ఆగస్టు 23, రాత్రి 8:55

మెరిసేది నీకు, చేపకి కాదు. నీటిలో ముందు పోయేది ఎరుపే. తర్వాత నారింజ. మన సౌండ్ నీళ్లు పచ్చగా చిక్కగా ఉంటాయి, ఆకుపచ్చ వెలుగే అన్నిటికంటే లోతుకి దిగుతుంది. 60 అడుగుల్లో నీ ఎరుపు-బంగారం బూడిద రంగు. రంగు మీద డబ్బు పెట్టే బదులు రెండు ఔన్సులూ మూడు ఔన్సులూ ఒక్కోటి కొను. లోతు సరిగ్గా ఉంటే రంగు పదో విషయం.

నీలికెరటం | ఆగస్టు 23, రాత్రి 9:10

మరి హంపీలు గులాబీనే ఎందుకు కొడతాయి? అది కూడా ఎరుపు బంధువే కదా.

సీసం_కరిగిస్తా | ఆగస్టు 23, రాత్రి 9:30

హంపీలు పట్టేది పైపైన. 20 అడుగుల్లో గులాబీ ఇంకా గులాబీలాగే ఉంటుంది. బ్లాక్‌మౌత్ (సౌండ్‌లోనే తిరిగే కుర్ర చినూక్ సాల్మన్) కోసం శీతాకాలం అడుగుకి ఆనుకుని వేసినప్పుడు ఇదే ప్రశ్న అడుగు, గ్లో (చీకట్లో వెలిగే రంగు) తప్ప ఇంకేమీ వద్దంటాను. అది కూడా వేసే ముందు టార్చ్ కొట్టి, చీకటి పెట్టెలో చూసి, మళ్లీ కొట్టి.

పియర్_కాకి | ఆగస్టు 23, రాత్రి 9:50

రంగు గొడవ అక్టోబరు దాకా నడుస్తుంది గానీ, ఎవరైనా ఆ స్ప్లిట్ రింగ్ (జిగ్‌కి హుక్‌ని కలిపే రింగు) చూశారా? నిన్న పియర్ మీద ఒకాయనకి పెద్ద చినూక్ తగిలింది. అయిదు నిమిషాల తర్వాత లైన్ ఖాళీగా వచ్చింది. జిగ్ ఉంది, హుక్ లేదు, రింగు తాళంచెవిలా తెరుచుకుని ఉంది. రంగు పెచ్చులూడటం సరే, నాలుగు రాళ్లకి తగిలితే ఏ రంగైనా ఊడుతుంది. రింగు మాత్రం కొన్న రోజే మార్చేయండి.

మోడరేటర్ | ఆగస్టు 23, రాత్రి 10:05

రెండు వ్యాఖ్యలు తీసేశాను. తయారీదారు పేరు, అమ్మే చోటు, డిస్కౌంట్ కోడ్ ఇక్కడ వద్దు. చర్చ బాగా నడుస్తోంది, అలాగే ఉంచండి.

నీలికెరటం | ఆగస్టు 31, రాత్రి 8:15

పాత_పడవ గారు అడిగిన పరీక్ష పెట్టాను. మళ్లీ జెఫర్సన్ హెడ్, తెల్లవారుజాము నుంచి. రెండు కర్రలూ ఒకే రకం, ఒకే లైన్, ఒకే బరువు, రెండింటికీ అసిస్ట్ హుక్, కొత్త రింగులు. ఒకదానికి కొత్త జిగ్, ఒకదానికి పాత డార్ట్. అరగంటకోసారి నేనూ మా బావమరిదీ కర్రలు మార్చుకున్నాం. వాడి ఫోన్ లాక్కుని డ్రై బ్యాగ్‌లో పెట్టాను. నాలుగు గంటలు.

కొత్త జిగ్ మీద కాట్లు ఎనిమిది, పడవ దాకా వచ్చినవి అయిదు. డార్ట్ మీద కాట్లు ఆరు, వచ్చినవి మూడు. సరే, కొత్తదే గెలిచిందని రాద్దామని కాగితం మీద విడదీశాను. మొత్తం ఎనిమిది చేపల్లో నావి రెండు. ఆరు వాడివి! ఏ జిగ్ చేతికిచ్చినా వాడే పట్టాడు.

ఏం చేస్తున్నాడా అని చివరి గంట నా కర్ర పక్కన పెట్టి వాణ్ణే చూశాను. ఫోన్ లేక తోచక లైన్ నీళ్లలోకి దిగే చోటునే చూస్తున్నాడు, కన్నార్పకుండా. ఉప్పుగాలి అక్క చెప్పిన విల్లు వాడికి ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం స్క్రీన్ మీద చేపల చుక్కలు చూస్తూ కూర్చున్నాను.

పోటు లాగడం మొదలయ్యాక కొత్త జిగ్ చచ్చిపోయింది, సీసం_కరిగిస్తా అన్నట్టే. ఆఖరి ముప్పావు గంటలో పడిన రెండూ డార్ట్ మీదే.

పాత_పడవ | ఆగస్టు 31, రాత్రి 9:00

శభాష్. ఎనిమిది చేపలతో ఏదీ తేలదు గానీ, ఈ మాత్రం శ్రద్ధగా లెక్క పెట్టినవాళ్లని ఇక్కడ చూడలేదు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లే ఎక్కువ. మీ బావమరిదికి నా పడవలో ఒక చోటు ఎప్పుడూ ఉంటుందని చెప్పండి. మీ సంగతి ఆలోచిస్తాను.

ఒక ఒప్పుకోలు కూడా. నిన్న రేవుకి వెళ్తూ రెండు కొన్నాను. ఆకుపచ్చవి. బకెట్‌లో చోటుంది.

ఉప్పుగాలి | ఆగస్టు 31, రాత్రి 9:12

గారూ!! స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నాను.

లింగ్_పిచ్చి | ఆగస్టు 31, రాత్రి 9:40

నా దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ వచ్చే మే దాకా సాల్మన్‌కే. రాళ్ల దగ్గరికి తీసుకెళ్లేది లేదు.

కొత్తగాలం | సెప్టెంబరు 2, సాయంత్రం 6:25

అందరికీ చెప్పాలని పరిగెత్తుకొచ్చాను. ఇవాళ పడింది! స్నేహితుడి పడవలో, పాయింట్ నో పాయింట్ దగ్గర. దింపుతుంటే విల్లు ఉన్నట్టుండి ఆగింది. నాకేమీ తగల్లేదు చేతికి, నిజంగా ఏమీ లేదు. అక్క మాట గుర్తొచ్చి కొట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా గుర్తులేదు, మూడుసార్లు గాల్లోకి ఎగిరింది, మోకాళ్లు వణికాయి.

పక్కకి తెచ్చి చూస్తే వీపు చివరి చిన్న రెక్క నిక్షేపంగా ఉంది. హ్యాచరీ చేపకైతే అది కత్తిరించి ఉంటుంది, ఇది అడవిది. పడవలోకి ఎత్తకూడదు కదా, నీళ్లలోనే ప్లయర్‌తో హుక్ తిప్పాను, బార్బ్ లేదు కాబట్టి ఇట్టే వచ్చేసింది. స్నేహితుడు ఫొటో తీశాడు. అందులో నా మోచేయి, నీళ్ల తుంపర, అంతే.

నీలికెరటం | సెప్టెంబరు 2, సాయంత్రం 6:40

అభినందనలు తమ్ముడూ! మోచేతి ఫొటో పెట్టు. ఇంతకీ ఏ రంగు జిగ్? మూడు ఔన్సులదేనా?

కొత్తగాలం | సెప్టెంబరు 2, సాయంత్రం 6:52

అన్నా, అది స్నేహితుడి పాత డార్ట్. రంగు కూడా లేదు దానికి, అంతా ఊడిపోయింది. కొత్తది మొదటి పది నిమిషాల్లోనే పోగొట్టుకున్నాను. ముడి సరిగా వేయలేదు.